లైప్‌జిగ్‌లో ఒక వారం: కాస్త చోటు, శ్రుతి కలిసిన కీబోర్డు

జర్మనీలోని లైప్‌జిగ్ నికొలాయ్ చర్చిలో అడుగుపెట్టిన ఎవరి చూపైనా ముందు పైకే పోతుంది. తెల్లటి స్తంభాలు, వాటి కొసన ఖర్జూరపు మట్టలు విచ్చుకున్నట్టు లేతాకుపచ్చ చెక్కడాలు. ఈ అలంకరణంతా 1784–97 మధ్య చేసింది. సంగీతకర్త యోహాన్ సెబాస్టియన్ బాఖ్ 1750లోనే పోయాడు కాబట్టి ఆయన చూసిన చర్చి ఇది కాదు. చోటు మాత్రం ఇదే. 1724 ఏప్రిల్ 7, గుడ్ ఫ్రైడే నాడు క్రీస్తు సిలువ మరణపు కథను పాడే ఆయన కృతి సెయింట్ జాన్ ప్యాషన్ మొట్టమొదట వినిపించింది ఇక్కడ.

అసలు బాఖ్ దాన్ని అదే ఊళ్లోని తొమాస్ చర్చిలో అనుకున్నాడు, కరపత్రాలు కూడా అచ్చు వేయించాడు. ఆ ఏడు వంతు నికొలాయ్ చర్చిదని నగర మండలి గుర్తుచేసింది. అప్పటికి గుడ్ ఫ్రైడే నాలుగు రోజులే ఉంది. సరే, అక్కడే చేస్తానని ఆయన రెండే కోరికలు కోరాడు: గాయకులు నిలబడే మేడ మీద ఇంకాస్త చోటు కావాలి, అక్కడి హార్ప్‌సికార్డ్ (పియానోకు ముందు కాలపు కీబోర్డు వాయిద్యం) బాగు చేయించాలి. మూడు వందల ఏళ్ల తర్వాత అదే కృతిని, ఆ కాలపు వాయిద్యాలతో, ఊరి బయట ఒక పల్లె చర్చిలో పాడటానికి వెళ్లిన మా వారమంతా ఈ రెండు పనులకే సరిపోయింది.

మేం గాయకులం 16 మందిమి. సొప్రానో, ఆల్టో, టెనర్, బేస్ అని పై నుంచి కిందికి నాలుగు గొంతులు, గొంతుకు నలుగురు. ఈ లెక్క బాఖ్‌దే. 1730 ఆగస్టు 23న మండలికి రాసిన అర్జీలో, ఒక్కో గొంతుకు కనీసం ముగ్గురు ఉండాలని, నలుగురుంటే మరీ మంచిదని, వాద్యకారులు 18 నుంచి 20 మంది కావాలని రాశాడు. గొంతుకు ఒక్కరే పాడేవారన్న వాదన 1981లో సంగీత పరిశోధకుడు జాషువా రిఫ్కిన్ లేవదీసినప్పటి నుంచీ నడుస్తోంది. ఒక్కొక్కరితో పాడిన ప్రదర్శనలూ విన్నాను, వాటిలో మాట చాలా తేటగా వినిపిస్తుంది. కానీ ఈ ప్యాషన్‌లో గుంపు అరుపులు ఎక్కువ. నలుగురుంటే ఊపిరి వంతులేసుకోవచ్చు, ఒకరికి గొంతు పట్టేసినా కచేరీ ఆగదు.

మొదటి రోజు శ్రుతి. ఈనాటి పియానోలో ‘ఎ’ స్వరం సెకనుకు 440 కంపనాలు. ఈ మేళాలు 415 దగ్గర పెట్టుకుంటాయి. మన లెక్కలో చెప్పాలంటే ఆరు శ్రుతి ఐదున్నరకు దిగినట్టు. బాఖ్ కాలంలో చర్చి ఆర్గన్లు మాత్రం దాదాపు 465లో ఉండేవి, అంటే మేళం కంటే ఒక పూర్తి స్వరం పైన. అందుకే లైప్‌జిగ్‌లో ఆర్గన్ వాయించేవాడికి కాగితం ఒక స్వరం కిందికి రాసి ఇచ్చేవారు. మేళం జి మైనర్‌లో వాయిస్తుంటే అతని కాగితంలో ఎఫ్ మైనర్ ఉంటుంది.

గాయకులకు 415 వరమని అనుకుంటారు, సగమే నిజం. పై స్థాయిలో సొప్రానోలకు హాయిగానే ఉంటుంది. కానీ గొంతు ఒక పొర నుంచి ఇంకో పొరకు మారే చోటు కాగితం మీద అర స్వరం జరుగుతుంది. నెలల తరబడి 440లో సాధన చేసి వస్తే, అలవాటైన చోట మార్చబోయి స్వరం కిందికి జారుతుంది. బేస్ గొంతులకు అడుగు స్వరాలు పలచబడతాయి. స్వరజ్ఞానం పుట్టుకతో వచ్చినవాళ్ల బాధ వేరు, కళ్లకు కనిపించే స్వరం ఒకటి, చెవికి తగిలేది ఒకటి. మందు ఒక్కటే, మొదటి సాధన నుంచే 415లో పెట్టిన కీబోర్డుతో పాడించాలి. ఆఖరి రెండు రోజుల్లో మారుద్దామంటే కుదరదు.

మమ్మల్ని ఎక్కువ ఏడిపించింది అద్దెకు తెచ్చిన చిన్న ఆర్గన్. బీరువాను అడ్డంగా కోసినంత పెట్టె, లోపల కొయ్య గొట్టాలు మూడు వరుసలు, ఒక్కో వరుసలో యాభై పైచిలుకు. కీబోర్డు పక్కన చిన్న కొయ్య మేకు తీసి మొత్తం కీబోర్డును ఒక మెట్టు ఎడమకు జరిపితే 440 కాస్తా 415 అవుతుంది. జరిపాం, శ్రుతి సరిపోయింది. కానీ జి మేజర్ తీగ (ఒకేసారి కలిపి పలికే స్వరాల గుత్తి, కార్డ్) వచ్చిన ప్రతిచోటా పళ్లు గీరుకున్నట్టు ఉంది.

కారణం ఇదీ. ఈ సంగీతానికి పన్నెండు స్వరాలను సమానంగా పంచరు. వాలొట్టి అనే శ్రుతి పద్ధతిలో ఎఫ్ నుంచి బి దాకా ఆరు పంచమాలను కొద్దికొద్దిగా తగ్గించి, మిగతా ఆరింటినీ శుద్ధంగా ఉంచుతారు. అర స్వరాన్ని 100 సెంట్లు అనుకుంటే అంతర గాంధారం శుద్ధంగా పలికితే 386. వాలొట్టిలో సి, ఎఫ్, జి మేజర్ గాంధారాలు 392 దగ్గర తియ్యగా ఉంటాయి, ఎఫ్ షార్ప్, బి వైపు పోతే 408 దాకా సాగుతాయి. ఆ ఆర్గన్‌ను కీబోర్డు 440లో ఉండగా శ్రుతి చేసి పంపారు. మెట్టు జరిపాక జి మీట నొక్కితే పలికేది ఎఫ్ షార్ప్ గొట్టం. కాబట్టి 392 రావలసిన చోట 408 పలికింది. తియ్యదనమంతా ఎవరూ వాడని స్థాయిలకు పోయింది. అద్దెకు తెచ్చుకునేవాళ్లు ముందే రాసి ఇవ్వాల్సిన మాట ఒకటుంది: కీబోర్డును 415లో పెట్టాకే వాలొట్టి చేయండి. మేం ఆ మాట రాయలేదు. గొట్టం గొట్టానికీ బిరడా పైకీ కిందికీ లాగి సరిచేసేసరికి ఒక పూట పోయింది.

అంతటితో అయిపోలేదు. వసంతమే అయినా ఆ రాతి గోడల మధ్య పొద్దున 13 డిగ్రీలు. సాయంత్రం హీటర్లు, దీపాలు, మనుషుల వేడితో 18. గాలి వేడెక్కితే గొట్టం స్వరం పెరుగుతుంది, డిగ్రీకి ఇంచుమించు మూడు సెంట్లు. అయిదు డిగ్రీలకు 415 కాస్తా 418 దాటుతుంది. పొద్దున చక్కగా కలిసిన ఆర్గన్, రాత్రికి పీకతో ఊదే ఓబోలతో గొడవపడుతుంది. తంత్రులు ఆర్గన్ వెంట పోగలవు, ఓబో, ఫ్లూటు అంత దూరం పోలేవు. కాబట్టి కచేరీ నాడు మధ్యాహ్నం రెండింటి నుంచే హీటర్లు, దీపాలు అన్నీ వేయించి, రాత్రి ఉండబోయే వేడిలోనే శ్రుతి చేయించాం. డబ్బు మిగుల్చుకుందామని హీటర్లు ఆలస్యంగా వేస్తే ఆ రాత్రికి చేయగలిగింది ఏమీ ఉండదు.

ఇక చోటు. ఈనాటి ఆర్కెస్ట్రా అలవాటు ప్రకారం గాయకులను వెనక నిలబెట్టబోయాం. అయిదు నిమిషాల్లో మార్చాం. గొర్రె పేగుతో పేనిన తంత్రుల నాదం మృదువు, కొయ్య ఫ్లూటు ఇంకా మృదువు. వెనక నుంచి పదహారు గొంతులు పడితే అవి మునిగిపోతాయి. చివరికి ఇలా కుదిరింది: ఆర్గన్ నడిమధ్య, దాని రెండు పక్కల అడుగు స్వరాలు పలికే తంత్రీ వాయిద్యాలు చెలో, వియొలోన్. ఫ్లూట్లు ముందు వరుసలో, ఓబోలు ఒక పక్కన. గాయకులు రెండు భుజాలుగా ఎనిమిదేసి మంది, వాయిద్యాలకు వెనక కాకుండా వాటి పక్కన. సువార్తికుడి గొంతు, అంటే కథ చెప్పే గొంతు, పాడేవాడు ఆర్గన్‌కు చేయి చాచేంత దూరంలో. అతను మాటను సాగదీసినా కుదించినా ఆర్గన్ మనిషి అతని పెదవుల కదలిక చూసి తీగ పెట్టాలి. మధ్యలో దర్శకుడి చెయ్యి అక్కర్లేదు.

తొలి బృందగానం ‘హెర్, ఉన్‌జెర్ హెర్షెర్’. అడుగున బేస్ ఒకే జి స్వరాన్ని కొడుతూ ఉంటుంది, వయొలిన్లు సుడి తిరుగుతుంటాయి, పైన రెండు ఓబోలు ఒకదానికొకటి అర స్వరంలో ఒరుసుకుంటూ నడుస్తాయి. పద్దెనిమిది తాళ ఆవర్తాలు ఇలా గడిచాక గాయకులు ‘హెర్’ (ప్రభువా) అని మూడుసార్లు పిలుస్తారు. చాలా బృందాలు ఈ మూడు పిలుపుల్నీ ఒకే బలంతో, చివరిదాకా నిండుగా పట్టుకుంటాయి. ఆ కాలపు కమాను విల్లులా బయటికి వంగి ఉంటుంది, కొస తేలిక. స్వరం మొదట గట్టిగా తగిలి దానంతటదే పలచబడుతుంది. గొంతు కూడా అలాగే తగిలి వదలాలి. వదలకపోతే ఆ ఓబోల ఒరిపిడి ఎవరికీ వినపడదు, ఈ పాటలో నొప్పంతా అందులోనే ఉంది. వాయిద్యాలు మార్చి గొంతును మార్చకపోతే పెట్టిన ఖర్చు దండగ. వారమంతా నేను గట్టిగా పట్టుబట్టింది ఈ ఒక్క విషయం మీదే.

మాట దగ్గర తెలుగువాళ్లకు ఒక వాటం ఉంది. ‘క్రొయ్‌ౘిగె’, సిలువ వేయమని గుంపు అరిచే మాట. జర్మన్‌లో అక్కడ రాసే జెడ్ అక్షరాన్ని ఇంగ్లీషు అలవాటుతో ‘జ’ అంటారు. అసలు అది మన దంత్య చకారం, చుక్క, చాప అన్నప్పుడు పలికేది. హెర్ౘ్, ౘు, అన్నిట్లోనూ అంతే. ఒకసారి చెబితే మనవాళ్లకు నాలుకకు వచ్చేస్తుంది. ఇబ్బంది మాట చివరి పొల్లు హల్లులతో. మనకు అచ్చుతో ముగించడం అలవాటు, ‘ఇస్ట్’ అనమంటే వెనక చిన్న ‘ఉ’ తగులుతుంది. పదహారు మందిలో ఇద్దరు అలా పలికినా చర్చి చివరి బల్ల దాకా వినపడుతుంది. తాళం మీద అచ్చు పడాలి, దాని ముందు హల్లులన్నీ తాళం కంటే ముందే అయిపోవాలి.

నడుమ ‘డుర్ఖ్ డైన్ గెఫెంగ్నిస్’ అనే కొరాల్ (చర్చి కీర్తన) ఇ మేజర్‌లో ఉంది. వాలొట్టిలో ఆ గాంధారం 404 దగ్గర, కొంచెం పదునుగా. గాయకులు కీబోర్డును నమ్మి దాని వెంట పోతే తీగ అంచు కరుకుగా వస్తుంది. ఆర్గన్ మనిషి ముగింపు తీగలో గాంధారం మీట వదిలేస్తే చాలు, ఆల్టోలో టెనర్లో తమ చెవితో శుద్ధంగా పెట్టేస్తారు. నాకు తెలిసిన మంచి ఆర్గన్ వాద్యకారులంతా చెప్పకుండానే ఈ పని చేస్తారు.

సాధన లేని రోజు రైలెక్కి హాలే వెళ్లాం, అరగంట పైచిలుకు దారి. 1685లో హాండెల్ పుట్టిన ఊరు. సంత కూడలిలో నాలుగు గోపురాల మార్కెట్ చర్చి. బాఖ్ పెద్ద కొడుకు విల్హెల్మ్ ఫ్రీడెమాన్ 1746లో అక్కడ ఆర్గన్ కొలువుకు వచ్చాడు. ఆ రోజుల్లోనే, అదే ఊళ్లో, మద్రాసులో తెలుగు నేర్చి వెళ్లిన జర్మన్ మతప్రచారకుడు బెంజమిన్ షుల్ట్జె తెలుగు పుస్తకాలు అచ్చు వేయించాడు. మన అచ్చు చరిత్ర చెప్పేవాళ్లు మొదట తలిచే పుస్తకాలవి. ఆ కూడలిలో నిలబడి ఆ రెంటినీ కలిపి తలచుకుంటే నాకు ఒళ్లు పులకరించింది. అంతకు మించి రెంటికీ సంబంధం ఉందని నేను అనను.

తంత్రుల సంగతి వాయించేవాళ్లే బాగా చెబుతారు. విమానంలో గాలి పొడిగా ఉంటుంది, దిగాక చర్చిలో తేమ. ప్రయాణంలో తంత్రులను ఒక స్వరం వదులు చేసి, చేరాక ఒక్కసారిగా కాకుండా రెండు మూడు విడతల్లో ఎక్కిస్తారు. వయొలిన్ పై తంత్రి 0.6 మిల్లీమీటర్ల లావు, ముందు చివికేది అదే. వేలి కింద సన్నటి నూగు లేచిందంటే మార్చేయాలి, ఈ పూటకు ఆగుతుందిలే అనుకోకూడదు. చివరి సాధనలో అలా ఆగుతుందనుకున్న తంత్రి ఒకటి రెండో భాగం మధ్యలో పుటుక్కున తెగింది. కొత్తది వేసినా గంటసేపు సాగుతూనే ఉంటుంది, అందుకే కచేరీ ముందు రోజు రాత్రే అందరూ కొత్తవి వేసుకున్నారు. ఓబోలవాళ్లు నాదస్వరం పీకల్లాగే డబ్బీ నిండా పీకలు పెట్టుకుంటారు, రోజూ రెండింటినో మూడింటినో మార్చి మార్చి ఊది అదును చూసుకుంటారు.

విడిగా ఏర్పాటు కావలసింది వియోలా డ గాంబాకు. మోకాళ్ల మధ్య పెట్టి వాయించేది, మెట్లు కూడా పేగు తంత్రినే చుట్టి ముడివేసినవి. అది అందరికీ వినపడేది ఒక్క పాటలో, ‘ఎస్ ఇస్ట్ ఫోల్‌బ్రఖ్ట్’, సమాప్తమైనది. గంటన్నర దాకా తాకకుండా ఉంచిన తంత్రులతో ఆ పాట ఎత్తుకుంటే అవి శ్రుతిలో ఉండవు. అందుకని గాంబా వాయించే ఆవిడను మొదటి నుంచీ బేస్‌తో పాటు మెల్లగా వాయిస్తూ ఉండమన్నాం, పాటకు రెండు అంశాల ముందున్న కొరాల్‌లో గాయకుల హోరు కింద బిరడాలు తడిమి చూసుకునేలా ఏర్పాటు. మేళమంతా శ్రుతి చూసుకోవడానికి రెండో భాగానికి ముందు ఒక విరామం, రెండో భాగంలో గుంపు అరుపులయ్యాక ఇంకొకటి. రెండోదాన్ని వద్దన్నవాళ్లూ ఉన్నారు, భావం తెగుతుందని. శ్రుతి తప్పిన మేళంతో సమాధి పాట వినడం కంటే ముప్పై సెకన్ల మౌనం నయం.

గుడ్ ఫ్రైడే సాయంత్రం లోపల 18 డిగ్రీలు, ఆర్గన్ 415 మీద నిలిచింది. సమాధి పాట ‘రూట్ వోల్’ తర్వాత చివరి కొరాల్ మెల్లగా మొదలై, పునరుత్థాన దినాన నన్ను లేపమని అడిగే చోట నిండుతుంది. ఆ నిండుదనం కోసం అంతదాకా గొంతు దాచుకోవాలి. దాచుకున్నాం. ఆ చర్చి ఆనవాయితీ ప్రకారం చప్పట్లు లేవు, గంట మోగింది, జనం లేచి మెల్లగా వెళ్లిపోయారు. వయొలిన్లవాళ్లు తంత్రులు వదులు చేసుకుంటుంటే ఆర్గన్ మనిషి మేకు తీసి, కీబోర్డును 440కి జరిపి, మళ్లీ మేకు బిగించాడు. లారీ కుదుపులకు ఆ మేకు ఊడకుండా పైన గుడ్డ చుట్టి పెట్టె మూశాడు.