ఇద్దరే మిగిలిన కాన్ఫరెన్స్‌లో ఒక శనివారం

2025 నవంబరులో థాంక్స్‌గివింగ్ సెలవులు మొదలవగానే మా మేనల్లుడు ఫోన్ చేశాడు. "మామయ్యా, ఊరంతా ఖాళీ. నేను, నా ముగ్గురు రూమ్మేట్లు, పక్కింటివాళ్ళు మాకు అప్పగించి పోయిన ఒక పిల్లి మిగిలాం. అత్తయ్యని తీసుకుని రా. శనివారం అమెరికన్ ఫుట్‌బాల్ మ్యాచ్ కూడా ఉంది."

"ఎవరితో?"

"ఒరెగన్ స్టేట్‌తో. మళ్ళీ."

ఆ "మళ్ళీ" ఏంటో అప్పుడు నాకు అర్థం కాలేదు.

వాడిది తెనాలి. పుల్‌మన్‌లో వాషింగ్టన్ స్టేట్ యూనివర్సిటీలో ఎంఎస్ చేస్తున్నాడు. మేముండేది సియాటిల్ పక్కన బోతెల్‌లో. ఒకే రాష్ట్రమని పేరే గానీ మధ్యలో దాదాపు 290 మైళ్ళు, మంచు కొండలు, కొలంబియా నది, ఆ తర్వాత ఏమీ లేని నేల. పదేళ్ళుగా ఈ రాష్ట్రంలో ఉండి కూడా నేను అటు పోలేదు. మా ఆఫీసులో అందరూ ఊదారంగు టీషర్టుల హస్కీలు, అంటే సియాటిల్‌లోని యూనివర్సిటీ ఆఫ్ వాషింగ్టన్ అభిమానులు. పుల్‌మన్ కూగర్లు, అంటే మా మేనల్లుడి యూనివర్సిటీ జట్టు, పేరెత్తితే చిన్నగా నవ్వుతారు. పెళ్ళివారు పేద చుట్టాన్ని చూసి నవ్వే నవ్వు అది.

శుక్రవారం పొద్దున్నే పులిహోర, ఆవకాయ సీసా, రెండు దుప్పట్లు కారులో పెట్టుకుని బయల్దేరాం. స్నోక్వాల్మీ కనుమ దగ్గర రోడ్డు పక్కనే మంచు కుప్పలు. వాంటేజ్ దగ్గర కొలంబియా వంతెన దాటి 26వ నంబరు రోడ్డెక్కాం. ఒథెల్లోలో గ్యాస్, అంటే పెట్రోలు, కొట్టిద్దామని మా ఆవిడ అంది. "పావు ట్యాంకు ఉంది కదా, ముందు ఏదో ఒకటి తగలకపోతుందా" అన్నాను. తగల్లేదు. డస్టీ అనే ఊరి దగ్గర లైటు వెలిగింది. ఆ ఊరు పేరుకి తగ్గట్టే ఉంది. నాలుగు ఇళ్ళు, ధాన్యం గోదాములు.

అప్పుడు హీటర్ ఆపేశాను. మా ఆవిడ దుప్పటి కప్పుకుని కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చుంది. మాట్లాడలేదు. నిజానికి మాట్లాడాల్సినంత అందంగా ఉంది బయట. పలూస్ అంటారు ఆ ప్రాంతాన్ని. వేల ఏళ్ళ కిందట గాలి మోసుకొచ్చి పోసిన మట్టి దిబ్బలు. పిల్లలు దుప్పటి కింద మోకాళ్ళు ముడుచుకుని పడుకున్నట్టు ఒకదాని వెనక ఒకటి, కనుచూపు మేర. కొన్నింటి మీద కోసేసిన గోధుమ మోళ్ళు, కొన్నింటి మీద అప్పుడే మొలిచిన శీతాకాలం గోధుమ పచ్చగా, పలచగా. ఒక్క చెట్టు లేదు.

కోల్‌ఫాక్స్ చేరేసరికి నా చొక్కా ఆ చలిలోనూ తడిసింది. గ్యాస్ కొట్టించి, కాఫీ తాగుతూ ఊరి మెయిన్ వీధిలో నాలుగడుగులు వేశాం. మేనల్లుడికి ఫోన్ చేసి ఎక్కడున్నామో చెబితే, "అక్కడ విట్‌మన్ కౌంటీ కోర్టు ఉంటుంది, చూడు మామయ్యా. మా కేసు గెలిచింది అక్కడే" అన్నాడు.

ఈ కేసు సంగతి కొంచెం చెప్పాలి. అమెరికాలో కాలేజీ జట్లు కాన్ఫరెన్సులుగా ఏర్పడి ఆడతాయి. పడమటి తీరంలో 1915 నుంచి నడుస్తున్న కాన్ఫరెన్సే పాక్-12. పాక్ అంటే పసిఫిక్, 12 అంటే పన్నెండు కాలేజీలు. ఐపీఎల్‌లో అన్ని జట్ల తరఫునా బోర్డు ఒక్కటే టీవీ హక్కులు అమ్ముతుంది. ఇక్కడ ఏ కాన్ఫరెన్స్ బేరం దానిదే. బిగ్ టెన్ కాన్ఫరెన్స్ ఫాక్స్, సీబీఎస్, ఎన్‌బీసీ టీవీలకి ఏడేళ్ళకి 700 కోట్ల డాలర్లకు పైగా అమ్ముకుంది. పాక్-12 వాళ్ళకి ఈఎస్‌పీఎన్ ఒక్కో కాలేజీకి ఏడాదికి 3 కోట్ల డాలర్లు ఇస్తామంటే, 5 కోట్లు అడిగి కూర్చున్నారని అప్పట్లో వార్తలొచ్చాయి. బేరం చెడింది. అంతకుముందే, 2022 జూన్ 30న, లాస్ ఏంజెలెస్‌లోని రెండు పెద్ద కాలేజీలు, యూఎస్‌సీ, యూసీఎల్‌ఏ, బిగ్ టెన్‌కి పోతున్నామని చెప్పేశాయి. మరుసటేడు జూలైలో కొలరాడో బిగ్ 12 అనే మరో కాన్ఫరెన్స్ దారి పట్టింది. చివరికి ఆపిల్ కంపెనీ స్ట్రీమింగ్ ఒప్పందం ఒక్కటే మిగిలింది. ఎంతమంది చందా కడితే అంత డబ్బు అనే పద్ధతి. దాని మీద సంతకాలు పెడతారనుకున్న 2023 ఆగస్టు 4న మా సియాటిల్ హస్కీలూ, ఒరెగన్ వాళ్ళూ బిగ్ టెన్‌కి, ఆరిజోనా, ఆరిజోనా స్టేట్, యూటా బిగ్ 12కి పోయారు. సెప్టెంబరులో స్టాన్‌ఫోర్డ్, బర్క్‌లీ. పసిఫిక్ సముద్రం పక్కన కూర్చున్న ఆ రెండూ చేరింది అట్లాంటిక్ కోస్ట్ కాన్ఫరెన్స్‌లో, అదీ ఏడేళ్ళపాటు మూడో వంతు వాటా కూడా రాని షరతు మీద. అడిగితే ఇదంతా చదువుల కోసమే అంటారు.

మిగిలింది ఇద్దరు. ఒరెగన్ స్టేట్, వాషింగ్టన్ స్టేట్. పది మంది అన్నదమ్ములు ఇల్లు వదిలి పోతూ పోతూ, బీరువా తాళాలు మాత్రం మా దగ్గరే ఉంటాయన్నట్టుంది వ్యవహారం. ఆ తాళాల కోసమే కోల్‌ఫాక్స్ కోర్టుకెక్కారు. పోయేవాళ్ళకి బోర్డులో ఓటు లేదు, పెత్తనం మిగిలిన ఇద్దరిదే అని 2023 నవంబరులో జడ్జి చెప్పాడు. డిసెంబరులో రాష్ట్ర సుప్రీంకోర్టు దాన్ని కదపలేదు. ఆ కోల్‌ఫాక్స్ కోర్టు ముందు నిలబడి చూస్తే సెలవు కాబట్టి తలుపులు మూసి ఉన్నాయి, మెట్ల మీద ఎవరో వదిలేసిన కాఫీ కప్పు ఉంది. దేశమంతా చూసిన తగువు తేలింది ఇంత చిన్న ఊళ్ళోనా అనిపించింది.

పుల్‌మన్ జనాభా దాదాపు 33 వేలు. మార్టిన్ స్టేడియంలో సీట్లూ అంతే. అంటే ఊరు ఊరంతా కదిలితే తప్ప నిండదు. నిండేది సియాటిల్ నుంచి, యాకిమా నుంచి, స్పోకేన్ నుంచి గంటల తరబడి కారు తోలుకుంటూ వచ్చే పాత విద్యార్థులతో. వాళ్ళ ఓపికకి పరీక్ష పెట్టింది టీవీయే. తూర్పున అందరి మ్యాచ్‌లూ అయ్యాక ఖాళీ సమయం నింపడానికి వీళ్ళని రాత్రి ఏడున్నరకి ఆడించేవాళ్ళు. ఆ టైము కూడా ఒక్కోసారి ఆరు రోజుల ముందు చెప్పేవాళ్ళు. హోటల్ గది దొరకనివాడు అర్ధరాత్రి ఆ డస్టీ మీదుగా ఇంటికి పోవాలి. నాకు పగటిపూటే చెమటలు పట్టిన రోడ్డది.

శనివారం మ్యాచ్ మధ్యాహ్నం మూడున్నరకి. నిజానికి ఈ వారాంతం ఎన్నో ఏళ్ళుగా ఆపిల్ కప్‌ది, అంటే హస్కీలకీ కూగర్లకీ జరిగే మ్యాచ్‌ది. కాన్ఫరెన్సులు వేరయ్యాక దాన్ని సెప్టెంబరుకి జరిపేశారు. ఈసారి పుల్‌మన్‌లోనే 59-24తో హస్కీలు చితక్కొట్టి పోయారు. ఆ సంగతి నేను ఎత్తలేదు, మేనల్లుడూ ఎత్తలేదు.

విద్యార్థులు సెలవులకి పోయారు కాబట్టి వాళ్ళ వైపు గ్యాలరీలో బాగానే ఖాళీలున్నాయి. మా వరసలో మా నలుగురు తెలుగు కుర్రాళ్ళు, మేమిద్దరం, నా పక్కన డెబ్బై ఏళ్ళు పైబడ్డ ఒక రైతు. ఆయన టోపీ మీద కూగర్ అనే కొండసింహం బొమ్మ వెలిసిపోయి పిల్లిలా కనిపిస్తోంది. కూర్చోగానే "గో" అన్నాడు నా వైపు చూసి. నేను వెర్రి చూపు చూస్తే మేనల్లుడు పక్కనుంచి "కూగ్స్ అనాలి మామయ్యా" అన్నాడు. అన్నాను. అక్కడినుంచి ఆయన మా చుట్టమైపోయాడు.

"ఎక్కడివాళ్ళు మీరు? ఇండియానా? మీ ప్రభుత్వం మా పప్పు మీద సుంకం వేసింది, తెలుసా?"

నాకు నిజంగానే తెలియదు. పలూస్‌లో గోధుమతో పాటు మసూర్ పప్పు, శనగలు పండిస్తారు. పుల్‌మన్‌లో ఏటా ఆగస్టులో ఆ పప్పుకి పండగే చేస్తారు. 2019లో మన దేశం అమెరికా పప్పుల మీద అదనపు సుంకం వేసి, 2023లో తీసేసింది. "ఒక చేత్తో మీవాళ్ళు సుంకం తీశారు, ఇంకో చేత్తో ఆ హస్కీలు మమ్మల్ని వదిలేసి పోయారు. రెండూ ఒకే ఏడాది" అని నవ్వాడు. ఢిల్లీ తరఫున క్షమాపణ చెప్పాలా వద్దా అని నేను ఆలోచిస్తుంటే మా ఆవిడ పులిహోర డబ్బా ఆయన ముందు పెట్టింది. ఒక స్పూన్ తిని, మిరపకాయ పక్కకి తీసి, ఇంకో స్పూన్ తిన్నాడు.

ఆట నాకు సగమే అర్థమైంది. రెండో క్వార్టర్‌లో ఒక విషయం మాత్రం కళ్ళకి కట్టింది. కూగర్లు మంచి ఊపు మీదున్నారు. ఉన్నట్టుండి అంతా ఆగిపోయింది. ఎవరికీ దెబ్బ తగల్లేదు, ఎవరూ టైమౌట్ అడగలేదు. చేతులకి మెరిసే తొడుగులు వేసుకున్న ఒకాయన మైదానంలోకి నాలుగడుగులు వచ్చి నిలబడ్డాడు. ఊరికే నిలబడ్డాడు. ఇరవై రెండు మంది ఆటగాళ్ళు నడుం మీద చేతులు పెట్టుకుని నోట్లోంచి ఆవిరి వదులుతున్నారు. రెఫరీ బంతి పక్కన నిలబడి ఆయన వంకే చూస్తున్నాడు. మా వరసలో కాళ్ళు నేలకేసి కొట్టుకుంటున్నారు చలికి. "టీవీలో యాడ్లు నడుస్తున్నాయి. అవి అయ్యేదాకా ఆయన కదలడు, ఆయన కదిలేదాకా ఎవరూ కదలరు" అన్నాడు రైతు. కాసేపటికి తొడుగులాయన చెవిలో ఏదో విని, చెయ్యి దించి, పక్కకి పోయాడు. ఆట మొదలైంది. టికెట్ కొన్నవాళ్ళం అందరం అప్పటిదాకా చలిలో ఆయన్నే చూస్తూ కూర్చున్నాం.

రైతు కథలన్నీ ఇంతే, టీవీ చుట్టూనే తిరిగాయి. 1998 జనవరి 1న రోజ్ బౌల్ అనే పెద్ద పోటీలో కూగర్లు మిషిగన్ చేతిలో 21-16తో ఓడిన మ్యాచ్‌కి వెళ్ళాడట. బంతిని నేలకి కొట్టి గడియారం ఆపాక రెండు సెకన్లు మిగిలే ఉన్నాయని ఇప్పటికీ వాదిస్తాడు. 2012లో పాక్-12 సొంత టీవీ నెట్‌వర్క్ పెట్టుకున్నప్పుడు ఈయనింట్లో డైరెక్ట్‌టీవీ డిష్ ఉండేది. ఆ రెండు కంపెనీలకీ ఒప్పందం ఎప్పటికీ కుదర్లేదు. దాంతో ముప్పై మైళ్ళ దూరంలో తన జట్టు ఆడుతుంటే ఇంట్లో కనపడేది కాదు. "అందుకే సీజన్ టికెట్ మానలేదు" అన్నాడు. ఆ నెట్‌వర్క్ డబ్బు వరదలా వస్తుందని నమ్మే యూనివర్సిటీ స్టేడియానికి కొత్త అంతస్తులూ, జట్టుకి కొత్త భవనమూ అప్పు చేసి కట్టింది. అనుకున్నంత డబ్బు రాలేదు, అప్పు మాత్రం ఉంది. మాకెదురుగా మెరుస్తున్న అద్దాల గదులు అవే.

జెండా సంగతి మాత్రం ఆయన చెప్పినప్పుడు నేను నమ్మలేదు. ఈఎస్‌పీఎన్‌లో ప్రతి శనివారం పొద్దున కాలేజ్ గేమ్‌డే అనే కార్యక్రమం వస్తుంది, వారానికో ఊళ్ళో. 2003 నుంచి ప్రతి వారం, అది ఏ ఊళ్ళో జరిగినా, జనం వెనక ఒక కూగర్ జెండా ఊగుతూ కనిపిస్తుంది. అభిమానులే వంతులేసుకుని జెండాని ఊరూరా చేరవేస్తారు. అంటే ఇరవై రెండేళ్ళుగా అమెరికా టీవీలో వీళ్ళంత నిలకడగా కనిపించిన జట్టు మరొకటి ఉండదు. టీవీవాళ్ళు లెక్కేసేటప్పుడు మాత్రం చూసేది జెండాని కాదు, ఆ చుట్టుపక్కల ఎన్ని లక్షల ఇళ్ళున్నాయని. పలూస్‌లో ఇళ్ళెక్కడివి? గోధుమే.

నాలుగున్నర దాటేసరికి చీకటి పడి లైట్లు వెలిగాయి. చివరికి 32-8తో కూగర్లు గెలిచారు. అప్పుడు మేనల్లుడి "మళ్ళీ" సంగతి తెలిసింది. 2024లో మౌంటెన్ వెస్ట్ అనే కాన్ఫరెన్స్‌కి డబ్బు కట్టి మరీ ఆడటానికి జట్లని తెచ్చుకున్నారు. 2025లో ఆ ఏర్పాటు లేదు. ఎవరూ దొరక్క ఈ రెండు జట్లూ ఒకరితో ఒకరు రెండుసార్లు ఆడుకున్నాయి. నవంబరు 1న వాళ్ళ ఊరు కొర్వాలిస్‌లో 10-7తో ఒరెగన్ స్టేట్ గెలిచింది. ఇప్పుడు వీళ్ళు. కాన్ఫరెన్స్ మొత్తం పట్టిక: చెరొకటి.

"వచ్చే ఏడు మా కాన్ఫరెన్స్‌లోకి బోయిసీ వాళ్ళొస్తారు, ఫ్రెస్నో, శాన్ డియాగో, టెక్సాస్ నుంచి కూడా ఒకరు. మళ్ళీ మనుషులతో ఆడుకుంటాం" అని రైతు టోపీ సర్దుకుని లేచాడు. వెళ్ళేముందు పులిహోర డబ్బా ఖాళీ చేశాడు, మిరపకాయలు తప్ప.

ఆ రాత్రి మా ఆవిడ పుల్‌మన్‌లో కొన్న మసూర్ పప్పు వండింది. నలుగురు కుర్రాళ్ళూ ఆవకాయ సీసాని సగానికి దించేశారు. పిల్లి యూనివర్సిటీ వాళ్ళు తయారుచేసే డబ్బా చీజ్ తింది. కూగర్ గోల్డ్ అంటారు దాన్ని, నిజంగానే రేకు డబ్బాలో వస్తుంది. మేనల్లుడు మాకోసం దాచిందే.

ఆదివారం తిరుగు ప్రయాణం. ఈసారి కోల్‌ఫాక్స్‌లో ట్యాంకు నిండా కొట్టించాను. 26వ నంబరు రోడ్డు మీద ఎదురుగా వరసగా కార్లు, సెలవులు ముగించుకుని పుల్‌మన్‌కి తిరిగొస్తున్న విద్యార్థులవి. కొన్నింటికి కిటికీల్లోంచి చిన్న కూగర్ జెండాలు పైకి నిలబెట్టి ఉన్నాయి. మావైపు పోతున్న కార్లలోనూ అక్కడక్కడా ఉన్నాయి. పొద్దుపోక మా ఆవిడ లెక్కపెట్టడం మొదలుపెట్టింది. వాంటేజ్ వంతెన దగ్గరికి ఇరవై తొమ్మిది. ఎలెన్స్‌బర్గ్ దాటేసరికి ముప్పై ఎనిమిది. స్నోక్వాల్మీ ఎక్కేముందు మంచు కురవడం మొదలై కార్లన్నీ నత్తనడక పట్టాయి. ముందున్న కారుకి జెండా, దాని ముందు కారుకీ జెండా. నలభై మూడు అని చెప్పి, దుప్పటి తల మీదికి లాక్కుని నిద్రపోయింది.