మెనై జలసంధిలో నీరు తీసే వేళ

బ్యాంగర్ స్టేషన్‌లో దిగి పెన్రిన్ రేవుకి నడిచి వెళ్లాను. వేల్స్ ఉత్తరపు ఒడ్డుకీ, ఆంగ్లిసీ ద్వీపానికీ మధ్య ఉన్న మెనై జలసంధిని అమావాస్యో పౌర్ణమో దాటిన మర్నాడు, నీరు బాగా తీసినప్పుడు చూడాలి. మసెల్స్ అనే ఆల్చిప్పల పరుపులు అప్పుడే బయటపడతాయి. బురద నిండా నలుపు తిరిగిన నీలం ఆల్చిప్పలు. రేవు గోడకి పట్టినవాటిలో ఒకదాన్ని లాగితే, గోధుమరంగు పీచుతో పెనవేసుకుని నాలుగు వచ్చాయి.

బ్రెగ్జిట్ (బ్రిటన్ యూరప్ యూనియన్ నుంచి బయటికి రావడం), చేపలు అనగానే పత్రికలు ఎవరెన్ని పట్టుకోవాలన్న కోటాల గొడవే రాస్తాయి. ఇక్కడ దానితో పెద్ద పని లేదు. వేల్స్ పడవల్లో చాలావరకు పది మీటర్ల లోపువే. పట్టేది పీతలు, లాబ్‌స్టర్లు, వెల్క్ నత్తలు. వాటికి ఆ కోటాలు లేవు. యూరప్‌లో సుంకమూ లేదు. మసెల్స్‌ని దెబ్బ తీసింది నీటి తరగతి.

నూరు గ్రాముల మాంసంలో ఈ.కోలై అనే పేగు బ్యాక్టీరియా లెక్క 230 దాటకపోతే నీరు ‘ఏ’ (A) తరగతి, 4,600 లోపైతే ‘బీ’ (B). గట్టి వాన పడితే పొలాల పేడా, ఊళ్ల మురుగూ వాగుల్లో వచ్చి కలుస్తాయి కాబట్టి మెనై పరుపులు ఎక్కువగా బీ. 2020 చివరిదాకా అది అడ్డు కాలేదు. లారీకెత్తి నెదర్లాండ్స్ పంపితే శుద్ధి అక్కడే. 2021 జనవరి 1 నుంచి యూరప్ యూనియన్‌కి బ్రిటన్ బయటి దేశం. బయటి దేశపు బీ తరగతి సరుకు శుద్ధి కాకుండా లోపలికి రాకూడదు. నియమం పాతదే, వీళ్లే గీత అవతలికి వెళ్లారు.

ఇక్కడే శుద్ధి చేయొచ్చుగా అంటే, యూవీ (అతినీలలోహిత) కాంతి పట్టిన సముద్రపు నీళ్ల ట్యాంకుల్లో 42 గంటలు ఉంచాలి. లారీ లోడ్లకి సరిపడా ట్యాంకులు కట్టడం మాటలా? పైగా ఆ తర్వాత పొడిగా ప్రయాణం చేస్తే అలసి నోళ్లు తెరుస్తాయి. తట్టినా మూయనిది పారేయాల్సిందే.

లాబ్‌స్టర్లు, పీతల తంతు వేరు: ఎక్కడ ఎవరు పట్టారో చెప్పే క్యాచ్ సర్టిఫికెట్, అధికారి సంతకంతో ఆరోగ్య ధ్రువపత్రం, ముందస్తు నమోదు, ఫ్రాన్స్ రేవులో తనిఖీ. కాగితంలో తప్పుంటే లారీ ఆగుతుంది, లోపల చచ్చేవి పెరుగుతాయి. యూరప్ తనిఖీల సంగతి భీమవరం రొయ్యల వాళ్లకి చెప్పక్కర్లేదు. పది పెట్టెలకైనా ధ్రువపత్రం ధ్రువపత్రమే, అందుకే బరువు చిన్న పడవ మీద పడుతుంది.

2025 మే 19న ఆహార తనిఖీలు తగ్గించే ఒప్పందం చేసుకుంటామని లండన్‌లో బ్రిటన్, యూరప్ యూనియన్ రెండూ అన్నాయి. యూరప్ పడవలకి బ్రిటన్ నీళ్లలో ప్రవేశం 2038 జూన్ దాకా అన్నది అదే రోజు తేలింది. మసెల్స్ పిల్లల్ని ఈ రోజు చల్లితే అమ్మకానికొచ్చేది రెండు మూడేళ్లకి. ఆ నాటికి నియమాలు ఎలా ఉంటాయో తేలకముందే చల్లాలి మరి.