ఒక్క పన్ను జారింది

పొద్దున ఆరున్నరకే మారేడుపల్లిలోని పాత పెంకుటింట్లో దిగాం. ఇవాళ్టి పనంతా ఒకటే సన్నివేశం. పెద్దావిడ వంటింట్లోంచి కాఫీ గ్లాసుతో వచ్చి, గడప దాటి, వసారాలో కొడుకు పక్కన కూర్చోవాలి. కాగితం మీద ఒక్క వాక్యం. కెమెరామన్ గారు 85 మిల్లీమీటర్ల లెన్సు పెట్టించి, కిటికీ వెలుగు చాలంటూ లెన్సులోకి వెలుగు వచ్చే కంతను బాగా తెరిచి, టి 1.4 దగ్గరే ఉంచమన్నారు. ఫుల్‌ఫ్రేమ్ కెమెరా మీద రెండు మీటర్ల దూరాన ఆ లెన్సుకు ఫోకస్ నిలిచేది నాలుగైదు సెంటీమీటర్ల మేర. కన్ను దొరికితే చెవి దొరకదు. ఆ కాస్త మేరనూ నడిచే మనిషి కంటి మీద నిలిపి ఉంచడమే నా ఉద్యోగం. అమ్మ మాత్రం చుట్టాలకు "కెమెరా పక్కన నిలబడి ఏదో తిప్పుతాడు" అని చెబుతుంది.

ఇప్పుడు కెమెరా పక్కన కూడా లేను. లెన్సు రింగుకు ఆనించిన చిన్న మోటారు అక్కడ, మెడలో వేలాడే చేతి యూనిట్‌తో నేను ఇక్కడ, పెరటి గుమ్మంలో. నేను నాబ్ తిప్పితే సిగ్నల్ గాల్లో వెళ్లి అక్కడ లెన్సును తిప్పుతుంది. రిహార్సల్లో కెమెరా ఒంటి మీద, లోపల బొమ్మ పడే సెన్సర్ ఉన్న చోటు చూపించే గుర్తుకు టేపు తగిలించి దూరాలు కొలుచుకున్నాను. నాబ్ మీది తెల్ల రింగుపై మార్కరుతో "గడప", "కుర్చీ" అని రాసుకున్నాను.

మొదటి టేకు మసక. గడప దగ్గర ఆవిడ కణత మీది నెరిసిన వెంట్రుకలు ఒక్కొక్కటీ లెక్కపెట్టవచ్చు, కళ్లు మాత్రం లేవు. మార్కు దాటి ముందుకు వచ్చి ఉంటారని మనసులోనే ఆవిడ మీదకు నెట్టేశాను. రెండో టేకులో కుర్చీ దగ్గరా అంతే, సరిగ్గా అంతే వెనక్కి. మనిషి తప్పితే ఒకసారి ముందుకు, ఒకసారి వెనక్కి తప్పుతుంది. ఇంత క్రమంగా తప్పేది యంత్రమే.

వెళ్లి చూస్తే మోటారు క్లాంపు వదులుగా ఉంది. గేరు ఒక పన్ను జారింది. పన్నుకూ పన్నుకూ మధ్య రెండున్నర మిల్లీమీటర్లు, అంతే. లెన్సు మార్చినప్పుడు హడావిడిగా బిగించింది నేనే. "నేనైనా చూడాల్సింది అన్నా" అన్నాడు మా కుర్రాడు. వాడి తప్పేమీ లేదు. బిగించి మళ్లీ కాలిబ్రేట్ చేశాను. మోటారు గుర్రుమంటూ లెన్సును ఈ కొస నుంచి ఆ కొసకు తిప్పి చూసుకునేంతసేపూ సెట్టంతా నిశ్శబ్దం. ఆ కొద్ది సెకన్లంత పొడుగు సమయం ఇంకెక్కడా ఉండదు.

"నా వల్ల ఏమైనా పొరపాటా బాబూ?" అని అడిగారు పెద్దావిడ.

"లేదమ్మా, ఇక్కడ మరలు వదులయ్యాయి."

"నా మోకాళ్లవీ అంతే" అన్నారు.

మూడో టేకుకు మానిటర్ వైపు చూడలేదు. అందులో మసక కనిపించేసరికే పని చెడిపోయి ఉంటుంది. ఆవిడ పాదాలే చూశాను. కాఫీ తొణికి గడపకు అర అడుగు ఇవతలే ఆగారు. రాసుకున్న "గడప" దాకా వేలు వెళ్లలేదు, ముందే ఆగింది. డైరెక్టర్ గారు ఓకే అన్నారు. నన్ను ఎవరూ ఏమీ అనలేదు, మా పనిలో అది మెచ్చుకోలు కిందే లెక్క.

రేపు అదే ఇల్లు, మేడ మెట్లు. 135 మిల్లీమీటర్ల లెన్సు పెడతారట.