యేసు జక్కయ్యను ఏమీ అడగలేదు

లూకా సువార్త పంతొమ్మిదో అధ్యాయం అనగానే మనకు సండే స్కూల్ గుర్తొస్తుంది. జనం అడ్డొచ్చి యేసును చూడలేక మేడిచెట్టెక్కిన పొట్టివాడు జక్కయ్య, చేతులూపుతూ పాట. సువార్త సభల్లో ఈ భాగం మీద వాక్యం చెప్పేవాళ్ళు కూడా చాలామంది చెట్టు దగ్గరే గంటసేపు గడిపేస్తారు. నీ చెట్టు ఏది, నీకు అడ్డొస్తున్న జనం ఎవరు అని అడుగుతారు. తర్వాత కీబోర్డు మెల్లగా మొదలవుతుంది. కళ్ళు మూసుకోమంటారు, చేతులెత్తమంటారు, ఎత్తిన చేతులు లెక్కపెడతారు. ఇంతమంది రక్షణ పొందారని మర్నాడు వాట్సాప్‌లో ఫొటోలతో సహా వస్తుంది. ఎనిమిదో వచనం దాకా వెళ్ళడానికి మాత్రం ఎప్పుడూ టైం చాలదు. అందులో డబ్బు సంగతి ఉంది మరి.

ఆ సభల మీద నాకు ద్వేషం లేదు. మా కుటుంబంలో మొదట ప్రభువును నమ్ముకున్న మనిషి అలాంటి సభలోనే నమ్ముకున్నాడు. ఆయన సంగతి తర్వాత చెప్తాను. నా బాధల్లా, రక్షణను ఒక్క ప్రార్థనకు కుదించి, 'నా వెనకాల చెప్పండి' అని చెప్పించి, పని అయిపోయిందనుకోవడం గురించి.

జక్కయ్య ఎవరో తెలియాలంటే ఒక అధ్యాయం వెనక్కి వెళ్ళాలి. పద్దెనిమిదో అధ్యాయంలో ఇద్దరు కనిపిస్తారు. ఒకడు యేసు చెప్పిన ఉపమానంలోని సుంకరి, అంటే పన్నులు వసూలు చేసేవాడు. దేవాలయంలో దూరంగా నిలబడి, కన్నులెత్తి ఆకాశం వైపు చూడ్డానికి కూడా ధైర్యం చాలక, రొమ్ము కొట్టుకుంటూ "దేవా, పాపినైన నన్ను కరుణించుము" అన్నాడు. నీతిమంతుడిగా తీర్చబడి ఇంటికి వెళ్ళాడని ప్రభువు చెప్పాడు. ఇంటికి వెళ్ళాక అతను ఏం చేశాడో ఉపమానంలో లేదు. రెండోవాడు ధనవంతుడైన అధికారి. బాల్యం నుంచి ఆజ్ఞలన్నీ పాటించానన్నాడు. కలిగినవన్నీ అమ్మి బీదలకిమ్మని యేసు చెప్పేసరికి మొహం చిన్నబుచ్చుకున్నాడు. ధనవంతుడు దేవుని రాజ్యంలోకి రావడం కంటే ఒంటె సూదిబెజ్జంలో దూరడం సులువన్న మాట అప్పుడే వచ్చింది. విన్నవాళ్ళు హడలిపోయి, ఆలాగైతే ఎవడు రక్షణ పొందగలడు అని అడిగారు. "మనుష్యులకు అసాధ్యమైనవి దేవునికి సాధ్యములు" అన్నాడు ప్రభువు.

ఆ మాట అని కొంత దూరం నడిచాడో లేదో, యెరికో వచ్చింది. అక్కడ ఉన్నవాడు సుంకరీ, ధనవంతుడూ కూడా. ఆ ఇద్దరూ ఒక్క మనిషిలో కలిసి చెట్టెక్కి కూర్చున్నట్టుంది. ఎవడు రక్షణ పొందగలడు అన్న ప్రశ్నకు జవాబు ఒక మనిషి రూపంలో వచ్చింది. దీన్ని పక్కన పెట్టి అతని ఎత్తు గురించి జోకులు వేస్తుంటే నాకు ఒళ్ళు మండుతుంది.

మొదటి ధనవంతుణ్ణి యేసు అన్నీ అడిగాడు. రెండోవాణ్ణి ఏమీ అడగలేదు. "జక్కయ్యా త్వరగా దిగుము, నేడు నేను నీ యింట నుండవలసియున్నది" అన్నాడు, అంతే. నీ లెక్కల పుస్తకం చూపించు అనలేదు. ముందు ఆ ఉద్యోగం మానెయ్యి అనలేదు. బాప్తిస్మం తీసుకున్నాక ఆలోచిద్దాం అని కూడా అనలేదు. రాత్రికి బస అడిగాడు.

ఆ బస ఎవరింట్లో అడిగాడో చూడండి. యెరికో సముద్రమట్టం కంటే సుమారు 250 మీటర్లు కిందికి ఉండే లోయ పట్నం. ఖర్జూరపు తోటలు, పరిమళ తైలమిచ్చే గుగ్గిలపు తోటలు. ఆ తోటల రాబడి ఎంతంటే, రోమా సేనాని అంతోనీ వాటిని ఐగుప్తు రాణి క్లియోపాత్రాకు రాసిస్తే హేరోదు రాజు ఆమె దగ్గర మళ్ళీ గుత్తకు తీసుకున్నాడు. చలికాలం గడపడానికి అక్కడే భవనాలు కట్టించుకున్నాడు. యొర్దాను అవతలి నుంచి యెరూషలేముకు వెళ్ళే సరుకు ఆ దారినే పోవాలి. అలాంటి చోట జక్కయ్య సుంకపు గుత్తదారుడు. కింద వేరే సుంకరులు వసూలు చేసుకొస్తారు, వాళ్ళ మీద ఇతను. మూట ఎంత బరువో, దానికెంత కట్టాలో చెప్పే అధికారం వాళ్ళది. గుత్త కట్టగా మిగిలింది ఎవరి జేబులోకి పోతుందో మనకు ఎవరూ వివరించక్కర్లేదు. సుంకరుల పెట్టెలోంచి ధర్మం కూడా పుచ్చుకోవద్దని యూదు గురువుల బోధలు కూర్చిన మిష్నా అనే గ్రంథంలో రాసి ఉంది. అంటే, ఇస్తానన్నా ఆ పెట్టెలోని డబ్బు బిచ్చానికి కూడా పనికిరాదు.

ఆ ఇంటికి వెళ్తానన్నాడు ప్రభువు. ఎవరింట్లో నీళ్ళు తాగొచ్చో, ఎవరింటి గడప తొక్కకూడదో తరతరాలుగా లెక్కలు రాసుకున్న దేశంలో పుట్టాం మనం. ఈ మాట బరువు మనకు తెలిసినంతగా ఎంతమందికి తెలుస్తుంది? 1866లో ఒంగోలుకు వచ్చిన అమెరికన్ మిషనరీ జాన్ క్లౌ దొరకు ఇదే పరీక్ష ఎదురైంది. మాదిగలను చేర్చుకుంటే మేం రాము అని అగ్రవర్ణాలవాళ్ళు తేల్చి చెప్పారు. ఏం చేయాలో తోచక ఆయనా, ఆయన భార్యా విడివిడిగా బైబిలు తెరిస్తే, ఇద్దరికీ మొదటి కొరింథీయుల పత్రిక మొదటి అధ్యాయంలో ఒకే చోటు వచ్చింది. గొప్ప వంశమువారు అనేకులు పిలువబడలేదనే భాగం. ఆ రోజు వాళ్ళు ఆ గొణుగుడికి లొంగి ఉంటే ఇవాళ ఒంగోలు చుట్టుపక్కల ఎన్ని మందిరాలు ఉండేవో నాకైతే తెలీదు.

యెరికోలోనూ గొణిగారు. "ఈయన పాపియైన మనుష్యునియొద్ద బసచేయ వెళ్లెనని చాల సణుగుకొనిరి" అని ఏడో వచనం. ఈ వచనం దగ్గర నేను ఎప్పుడూ ఆగిపోతాను. అంతకుముందు దాకా ఆ ఊళ్ళో చెడ్డపేరు ఎవరిది? జక్కయ్యది. ఈ వచనంలో జనం ఎవర్ని తప్పుపడుతున్నారు? యేసును. ఒక్క సాయంత్రంలో ఆ నింద ఒకరి మీద నుంచి ఇంకొకరి మీదికి మారింది. జక్కయ్య ఇంకా పైసా తిరిగి ఇవ్వలేదు, క్షమించమని నోరు తెరవలేదు. అతని చెడ్డపేరు మాత్రం అప్పుడే ప్రభువు నెత్తికెత్తుకున్నాడు. ఆయన వెళ్తున్నది యెరూషలేముకు. అక్కడ ఇంకొద్ది రోజుల్లో ఇద్దరు నేరస్థుల మధ్య ఆయన్ను వేలాడదీస్తారు. అతిక్రమం చేసేవారిలో ఒకడిగా ఎంచబడ్డాడని యెషయా ముందే రాశాడు కదా, ఆ ఎంచబడటం ఈ ఊళ్ళోనూ కనిపిస్తుంది. సిలువ అర్థం కావడం లేదని ఎవరైనా నన్నడిగితే ముందు ఈ ఏడో వచనమే చదవమంటాను. నా పేరు పోవాల్సిన చోట ఆయన పేరు పోయింది. నేను రక్షణ అనుకునేది ఇదే. దేవునితో సంబంధం మొదలయ్యేది కూడా ఇక్కడే, ఆయన వచ్చి మన పక్కన కూర్చుని మన మాట తను పడటంతో.

ఇక ఎనిమిదో వచనం. "జక్కయ్య నిలువబడి" అని ఉంది. ఎవరూ అడగకుండా లేచాడు. ఆస్తిలో సగం బీదలకు. అన్యాయంగా తీసుకున్నదానికి నాలుగంతలు. ఇక్కడ కాస్త లెక్క వేయాలి, ఎందుకంటే అతను లెక్కలు తెలిసిన మనిషి. మోసం చేసినవాడు తనంతట తాను ఒప్పుకుంటే అసలుకు ఐదో వంతు కలిపి ఇస్తే చాలని లేవీయకాండంలో ధర్మశాస్త్రం చెబుతుంది. నాలుగంతలు వేరే లెక్క. గొఱ్ఱెను దొంగిలించి కోసుకు తిన్నవాడికో, అమ్ముకున్నవాడికో నిర్గమకాండం విధించిన శిక్ష అది. పేదవాడి గొఱ్ఱెపిల్లను లాక్కున్న ధనవంతుడి కథ నాతాను ప్రవక్త చెప్పినప్పుడు దావీదు రాజు మండిపడి ఇంకొకడి మీద వేసిన శిక్ష కూడా అదే. జక్కయ్య దాన్ని తన మీద తనే వేసుకున్నాడు. చట్టం చూపించిన చవక దారి వదిలేసి, నేను దొంగను అని ఒప్పుకున్నాడు.

సగం పోగా మిగిలింది సగం. అందులోంచి నాలుగంతలు కట్టాలంటే, అతని ఆస్తిలో ఎనిమిదో వంతు, అంటే రూపాయికి రెండణాలు మోసపు సొమ్ము అయితే చాలు, చేతిలో ఏమీ మిగలదు. మొదటి ధనవంతుణ్ణి అడిగినా ఇవ్వలేకపోయినది, ఇతను అడక్కుండానే దాదాపు ఇచ్చేశాడు. ఆ తర్వాతే ప్రభువు "నేడు ఈ యింటికి రక్షణ వచ్చియున్నది" అన్నాడు. ఇది చదివి, డబ్బిచ్చాడు కాబట్టి రక్షణ వచ్చింది అనుకునేవాళ్ళున్నారు. కాదు. రక్షణ అప్పటికే నడిచి గుమ్మం దాటి లోపలికొచ్చింది. అది వచ్చిందని ఊరికి తెలిసింది మాత్రం అప్పుడు. కృపచేతనే రక్షింపబడ్డామని ఎఫెసీయులకు రాసిన పౌలు, ఆ వెంటనే సత్క్రియల కోసం సృష్టించబడ్డామని కూడా రాశాడు. మొదటిది స్టిక్కర్ వేసి ఆటో వెనకాల అంటిస్తాం, రెండోదానికి స్టిక్కర్ దొరకదు.

మా కుటుంబంలో మొదట నమ్ముకున్న మనిషి సంగతి చెప్తానన్నాను. ఆయన మా మేనమామ. డెల్టా పల్లెలో ఆయన వడ్డీకి డబ్బులు తిప్పేవాడు. సభలో ప్రభువును నమ్ముకున్నాడంటే ఊళ్ళో నవ్వారు. ఒకరోజు ఒక వితంతువు రాసిచ్చిన నోటూ, అసలు కంటే ఎక్కువైపోయిన వడ్డీ డబ్బూ పట్టుకుని ఆమె ఇంటికి వెళ్ళాడు. ఆమె పుచ్చుకోలేదు. "ఏం ప్లాన్ వేశావయ్యా, నా అరెకరం మీద పడ్డావా?" అని అల్లుణ్ణి కేకేసింది. చివరికి ఊరి పెద్దమనిషిని పిలిచి ఆయన ముందు ఇవ్వాల్సి వచ్చింది. అలా ఒక్కో ఇంటికీ తిరిగాడు. ఇంట్లో అత్తయ్య గొడవ మామూలు గొడవ కాదు, కూతురి పెళ్ళి పెట్టుకున్నారు అప్పుడు. ఆ పెళ్ళి చిన్నగానే జరిగింది. సంఘంలో సాక్ష్యం చెప్పమంటే మామయ్య ఒక వచనం చదివి కూర్చునేవాడు. ఈ డబ్బు సంగతి ఆయన నోట మేం ఎవరం వినలేదు, అత్తయ్య తిట్లలోంచే తెలిసింది.

ఇప్పుడు మన సంగతి. చిట్టీ పాడుకుని కిస్తీలు ఎగ్గొట్టి ఉపవాస కూటంలో ముందు వరుసలో కూర్చునేవాళ్ళు, కూలీల మజూరీ ఆపి మందిరానికి మైకు సెట్టు కొనిచ్చేవాళ్ళు, తమ్ముడి వాటా తినేసి 'దేవుడు నన్ను దీవించాడు' అని సాక్ష్యం చెప్పేవాళ్ళు మన మధ్య లేరా? దశమభాగం ఇస్తున్నాం కదా అంటారు. పద్దెనిమిదో అధ్యాయంలో ఆ సుంకరితో పాటు దేవాలయానికి ప్రార్థనకు వెళ్ళిన పరిసయ్యుడూ, అంటే ధర్మశాస్త్రాన్ని నిష్ఠగా పాటించేవాడూ, ఇచ్చాడు, ఆ మాట తన ప్రార్థనలో చెప్పుకున్నాడు కూడా. నీతిమంతుడిగా తీర్చబడి ఇంటికి వెళ్ళింది అతను కాదు.

ఇంకో రకం వాళ్ళకు వేరే మాట చెప్పాలి. 'నేనింకా తాగుడు మానలేదండీ, మానేశాక వస్తాను', 'మా ఇంట్లో గొడవలు తగ్గనీయండి, అప్పుడు చూద్దాం' అంటారు. అయ్యా, అమ్మా, మీరు జక్కయ్యకు లేని షరతు మీకు మీరే పెట్టుకుంటున్నారు. ఇల్లు సర్దుకున్నాక ఆయన్ను పిలుద్దామనుకుంటే ఆ రోజు రాదు. నశించినదాన్ని వెదకడానికే వచ్చానని ఆయనే చెప్పాడు. మీకు పెద్ద పెద్ద ప్రార్థనలు రాకపోతే, ఆ సుంకరి చేసిన ప్రార్థన ఉంది. "దేవా, పాపినైన నన్ను కరుణించుము." ఎవరి వెనకాలా పలకక్కర్లేదు. స్టేజీ ముందుకు రానక్కర్లేదు. వంటింట్లోనో, బస్సులోనో, ఆస్పత్రి వరండాలోనో చెప్పుకోండి. చెప్పుకున్నాక లూకా పద్దెనిమిది, పంతొమ్మిది అధ్యాయాలు విడదీయకుండా ఒక్కసారి చదవండి. దగ్గర్లో ఉన్న సంఘానికి వెళ్ళండి, బాప్తిస్మం గురించి అడగండి, మిమ్మల్ని ఎవరైనా వింతగా చూస్తే యెరికో జనాన్ని గుర్తు చేసుకోండి.

రక్షణ పొంది ఎన్నేళ్ళయినా ఎనిమిదో వచనం దాటి వెళ్ళనివాళ్ళు మాత్రం వచ్చే ఆదివారం మందిరానికి వెళ్ళే ముందే ఒక ఫోన్ చెయ్యండి. ఎవరికో మీకు తెలుసు. ఆ డబ్బు కానుక కవర్లో పెట్టి పాస్టరు అయ్యగారికి ఇస్తే సరిపోదు. ఎవరిది వాళ్ళకే ఇవ్వాలి, వాళ్ళు తీసుకోకపోతే మళ్ళీ వెళ్ళాలి.