అగ్నిశిఖను పిట్ట అనుకున్నాను

ఆగస్టు చివర్లో నేను కర్ణాటక పశ్చిమ కనుమల్లోని ఆగుంబె వెళ్లింది పిట్టల కోసం. వానల్లో పిట్టలేంటని స్నేహితులు నవ్వారు. వాళ్లన్నట్టే మొదటి రోజంతా గొడుగు లోపలి వైపు చూడటంతోనే సరిపోయింది.

రెండో రోజు ఉదయం వాన కాస్త తెరిపిచ్చింది. దారి పక్క పొదలో ఎర్రగా ఏదో కదిలింది. ఆరెంజ్ మినివెట్ మగపిట్టేనని గబగబా బైనాక్యులర్స్ ఎత్తాను. తీరా చూస్తే పువ్వు! అగ్నిశిఖ. అడవినాభి అని కూడా అంటారు. అయినా ఈ పొరపాటు మరీ సిగ్గుపడాల్సిందేం కాదు. ఆ పిట్ట శాస్త్రీయనామంలోని 'ఫ్లామియస్' అనే మాటకీ మంటరంగుదనే అర్థం.

పిట్టను మర్చిపోయి అక్కడే నిలబడ్డాను. పువ్వు నేల చూపు చూస్తుంటే, దాని ఆరు రేకులు మాత్రం వెనక్కి తిరిగి పైకి లేచాయి. అంచులు అలలు అలలుగా ఉన్నాయి. కేసరాలు గొడుగు ఊచల్లా చుట్టూ చాచుకున్నాయి. ఆకుల కొనలే నులితీగలై పక్క కొమ్మను పట్టుకున్నాయి. ముట్టుకోబోతే గైడ్ వద్దన్నాడు. మొక్కంతా విషమే, దుంపలో మరీ ఎక్కువ. అందులోని కోల్చిసిన్ అనే పదార్థాన్నే గౌట్ అనే కీళ్ల నొప్పికి మందుగా, చాలా కొద్ది మోతాదులో వాడతారు.

ఆ తీగకే మరో పువ్వు పసుపుగా ఉంది. అది వేరే రకం కాదు, నిన్నో మొన్నో విచ్చుకున్నది. లేతాకుపచ్చతో మొదలై, పసుపెక్కి, చివరికి ఎర్రబడుతుంది.

మినివెట్లలోనూ ఈ రెండు రంగులే, కానీ పంపకం వేరు. మగదానికి నల్లటి తల, కింద నారింజ ఎరుపు. ఆడదానికి బూడిదరంగు వీపు, కింద పసుపు. మధ్యాహ్నం చెట్ల కొసల్లో ఒక గుంపు కనబడింది. పురుగులు ఏరుకుంటూ ఒక్కచోట నిలవవు, మెడ పట్టేసింది. వాటిలో ఒకదానికి పసుపు పొట్ట మీద నారింజ మరకలున్నాయి. వయసుకొస్తున్న మగపిల్ల! ముందు తల్లిలా పసుపుగా ఉండి, ఈకలు రాలి కొత్తవి వచ్చేకొద్దీ ఎర్రబడుతుంది. అచ్చం ఆ పువ్వు వరసే.

మూడో రోజు బయల్దేరేముందు తీగ దగ్గరికి మళ్లీ వెళ్లాను. పసుపు పువ్వు రేకుల కొసల నుంచి సగం దాకా ఎర్రబడింది. తీరిగ్గా ఫొటో తీసుకున్నాను. మినివెట్‌కి తీసిన నలభై ఫొటోల్లో మాత్రం ఆకులే ఉన్నాయి. ఒకదాంట్లో తోక.