ఉచిత పడవ, తవ్వకం గాజు

వెనిస్‌లో "ఫ్రీ" అని ఎవరైనా అంటే వెనక్కి తిరిగి చూడకుండా నడవాలి. ఈ సంగతి మాకు కాస్త ఆలస్యంగా తెలిసింది. శాన్ మార్కో దగ్గర సూటు వేసుకున్న ఒకాయన వచ్చి, గాజు పనికి పేరున్న మురానో దీవికి వెళ్తారా, మా ఫ్యాక్టరీ పడవ సిద్ధంగా ఉంది, పైసా కట్టక్కర్లేదు అన్నాడు. వాపొరెట్టో, అంటే అక్కడి సిటీ బస్సు లాంటి పడవ, టికెట్ మనిషికి 9.50 యూరోలు, అదీ 75 నిమిషాలకే. ఇద్దరికి వెళ్లడానికి 19, రావడానికి ఇంకో 19. మ్యూనిక్‌లో ఆరేళ్లుగా ఉంటున్నా నా బుర్ర ఇంకా రూపాయల్లోనే లెక్కేస్తుంది, దాదాపు నాలుగు వేలు, అదీ బల్లకట్టు లాంటి పడవకి. ఎక్కేశాం.

వెనిస్‌లో మిగతా రెండు రోజుల గురించి చెప్పడానికేం లేదు, రియాల్టో మీద తోపులాట, పావురాలు, అందరూ రాసిందే.

పడవ నేరుగా ఫ్యాక్టరీ మెట్ల దగ్గర ఆగింది. లోపల మూడు బెంచీలు, ఎదురుగా బట్టీ. ఒక పెద్దాయన ఇనప గొట్టం చివర ఎర్రటి గాజు ముద్ద తీసి, పట్టకారుతో అక్కడ లాగి ఇక్కడ నొక్కి, రెండు నిమిషాలు కూడా కాకుండానే ముందు కాళ్లు ఎత్తిన గుర్రం చేసి నిలబెట్టాడు. అందరూ చప్పట్లు. ఆయన మాత్రం మా వైపు ఒక్కసారి కూడా చూడలేదు. రోజుకి ఎన్ని గుర్రాలు చేయాలో పాపం. చప్పట్లు ఆగకముందే ఇంకో తలుపు తెరిచారు, మెట్లెక్కితే షోరూమ్.

అక్కడ మా ఇద్దరికీ ఒక సేల్స్‌మన్‌ని తగిలించారు. ఎటు తిరిగితే అటే వస్తాడు. పసుపు, నీలం, బంగారు రేకులు మెరిసిపోతున్న గ్లాసుల మధ్య మా ఆవిడ ఒక మూల ఆగిపోయింది. అడుగు దాకా బూజు పట్టినట్టు, ఉప్పు పేరుకున్నట్టు ఉన్న ఆకుపచ్చ కూజా. రెండు చెవులు, ఒకటి కాస్త వంకర. వేలితో రాసి చూసి, "గరుకు కాగితంలా ఉంది, కడగలేదేమో" అంది. సేల్స్‌మన్ ముఖం వెలిగిపోయింది. దాన్ని స్కావో అంటారట, అంటే తవ్వకం. గాజు వేడిగా ఉండగానే పైన ఏవో లవణాల పొడులు చల్లుతారు, అవి కాలి ఉపరితలాన్ని తినేస్తాయి, రోమన్ల కాలం నుంచి మట్టిలో ఉండి పైకొచ్చినట్టు అవుతుంది. నిన్న చేసినా రెండు వేల ఏళ్ల నాటిదిలా కనపడాలి, అదీ కిటుకు. 480 యూరోలు. మేం నోరెత్తకముందే 400 అయింది, ఇండియాకి పార్శిల్ కూడా ఫ్రీ అన్నాడు, తలుపు దాకా వచ్చేసరికి 350. వద్దని చెప్పగానే ఆ మనిషి మాయం. తిరుగు పడవ ఎక్కడ అని అడిగితే, వీధి చివర వాపొరెట్టో స్టాప్ ఉందని కౌంటర్ అమ్మాయి తల ఎత్తకుండానే చెప్పింది.

ఒళ్లు మండిపోయి, వచ్చాం కదా అని గాజు మ్యూజియంలో దూరాం. 1861లో పెట్టింది, పాత బిషప్ భవనంలో ఉంది. అగ్నిప్రమాదాల భయంతో 1291లో వెనిస్ బట్టీలన్నీ ఈ దీవికి తరలించారని అందరికీ తెలిసిందే. కానీ నన్ను పట్టేసింది రోమన్ల గది. క్రొయేషియా తీరంలో సమాధులు తవ్వితే దొరికిన గాజు పాత్రలు, చితాభస్మం దాచుకునే పొట్ట కుండలు, మూతలతో సహా. గాజు కుండ! మా అవ్వ అస్థికలు మట్టి ముంతలో ఎర్ర గుడ్డ కట్టి తెచ్చి కాళహస్తి దగ్గర స్వర్ణముఖిలో కలిపాం, నీళ్లు మోకాళ్ల దాకా కూడా లేవు ఆ రోజు. ఆ కుండల మీద నూనె తెట్టులాంటి రంగులు, పక్కకి జరిగితే మారిపోతాయి. ఎవరూ వేసిన రంగులు కావవి. మట్టిలో తేమ గాజులోని క్షారాల్ని కొద్దికొద్దిగా లాగేస్తే పైభాగం ఉల్లిపొరల్లా విడిపోయి, వెలుతురు వాటి మధ్య ఆడుతుంది. ఇది మట్టి చేసిన పని, దాన్నే ఆ షోరూమ్‌లో పొడి చల్లి 480కి పెట్టారు. ఆ మాట అంటే మా ఆవిడ, "మట్టికి జీతం ఇవ్వక్కర్లేదు కదా" అంది.

ఇంకో గదిలో మురీనే. గాజు కడ్డీని అడ్డంగా కోస్తే లోపల పువ్వు, చుక్క, ఒక్కోసారి మనిషి ముఖం కూడా. ఆ ముక్కల్ని పేర్చి కరిగించి గిన్నెలు చేయడం రోమన్లకి తెలుసు. మధ్యలో అంతా మర్చిపోతే, 19వ శతాబ్దం చివర్లో విన్‌చెంజో మొరెట్టి అనే ఆయన పాత రోమన్ పనితనం చూసి మళ్లీ సాధించాడు. లావుపాటి ముద్ద చేసి లాగుతారు, ఇద్దరు చెరో కొస పట్టుకుని వెనక్కి నడుస్తారు, కడ్డీ ఎంత సన్నబడినా లోపలి బొమ్మ చెదరదు.

అక్కడి బోర్డు మీద ఇది చదువుతూ ఉంటే నాకు తిరుపతి దగ్గరి పాపానాయుడుపేట గుర్తొచ్చింది. మా అవ్వ వాళ్ల ఊరు ఏర్పేడు దగ్గరే. చిన్నప్పుడు సెలవుల్లో వెళ్తే అక్కడి పూసల బట్టీల బయట రంగు ముక్కలు ఏరుకునేవాళ్లం, వేళ్లు తెగితే అవ్వ పసుపు అద్దేది. లోపల పొడవాటి ఇనప గొట్టం చివరి నుంచి గాజుని చేతులు మార్చి మార్చి లాగేవాళ్లు, కడ్డీ కాదు, బోలు గొట్టం, దాన్ని ముక్కలు కోసి బూడిదలో కలిపి పెనం మీద తిప్పితే పదును పోయి పూస. పుదుచ్చేరి పక్కన అరికమేడు తవ్వకాల్లో దొరికిన పాత పూసలదీ ఇదే పద్ధతి. మనవాళ్లది మర్చిపోయి మళ్లీ నేర్చుకున్న పని కాదు. ఆ బట్టీల ముందు బెంచీలు లేవు, చప్పట్లూ లేవు, బయటికి వస్తే మజ్జిగ అమ్మే ఆవిడ ఉండేది.

స్టాప్‌లో అరగంట నిలబడ్డాం, గాలి కోసేస్తోంది. 19 యూరోలు కట్టి పడవ ఎక్కాం. మధ్యలో శ్మశాన దీవి దగ్గర పడవ ఆగితే పూలగుత్తి పట్టుకుని ఒక ముసలావిడ దిగింది. మా ఆవిడ ఆమెనే చూస్తూ, "రెండొందలకి దిగుంటే ఆ కూజా కొనేసేదాన్ని" అంది. నవ్వుతుందేమోనని చూశా, నవ్వలేదు.