ఈ కంప్యూటర్ ఏదో గుర్తుపట్టేదెలా?

మా యాప్‌లో లైసెన్స్ చెక్ కోసం ప్రతి కంప్యూటర్‌కీ ఒక యూనిక్ ఐడీ కావాలన్నారు. వినడానికి ఒక్క లైన్ కోడ్ పనే.

ముందు అందరికీ తట్టేది మ్యాక్ అడ్రస్. నెట్‌వర్క్‌కి కలిపే ప్రతి అడాప్టర్‌కీ ఉండే 48 బిట్ల నంబర్. కానీ వైఫైకి ఒకటి, ఈథర్నెట్‌కి ఒకటి, కొన్ని వీపీఎన్‌లు పెడితే ఇంకోటి. ఏది తీసుకోవాలి? సరే అని మదర్‌బోర్డు సీరియల్ నంబర్ చదివితే, కొన్ని మెషీన్లలో నంబర్ బదులు "టు బి ఫిల్డ్ బై ఓఈఎం" అని వచ్చింది. తయారీదారు నింపాల్సిన ఖాళీని అలాగే వదిలేశారన్నమాట. నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

చివరికి విండోస్ రిజిస్ట్రీలోని (సెట్టింగులు దాచే చోటు) మెషీన్ జీయూఐడీ అనే ఐడీ, లినక్స్‌లోని మెషీన్ ఐడీ ఫైల్ దగ్గర ఆగాను. ఇవి హార్డ్‌వేర్‌వి కావు, ఓఎస్‌తో పాటు పుట్టేవి. మళ్లీ ఇన్‌స్టాల్ చేస్తే మారిపోతాయి. వర్చువల్ మెషీన్‌ని (సాఫ్ట్‌వేర్‌తో సృష్టించిన కంప్యూటర్) ఉన్నదున్నట్టు క్లోన్ చేస్తే, అంటే కాపీ తీస్తే, మాత్రం రెండింటికీ ఒకే ఐడీ! టెన్షన్ అంతా ఇక్కడే. లినక్స్‌లో అయితే క్లోన్ చేసే ముందు ఆ ఫైల్‌ని ఖాళీ చేస్తే, తర్వాతి బూట్‌లో కొత్త ఐడీ తయారవుతుంది.

ఇంకో సంగతి. ఆ 32 అక్షరాల లినక్స్ ఐడీని రహస్యంగా చూసుకోవాలని, నేరుగా నెట్‌వర్క్‌లోకి పంపొద్దని దాని మాన్యువలే చెబుతుంది. మన యాప్‌కే ప్రత్యేకమైన కీతో హ్యాష్ చేసి, అంటే అసలు ఐడీ బయటపడని వేరే కోడ్‌గా మార్చి వాడాలి. ఇదేమో చాలామంది చదవరు.

నన్నడిగితే, లైసెన్స్ గొడవ లేని యాప్‌కి ఇదంతా అనవసరం. మొదటిసారి తెరిచినప్పుడు ఒక ర్యాండమ్ యూయూఐడీ (దాదాపు ఎప్పుడూ రిపీట్ కాని పొడవాటి ఐడీ) తయారుచేసి దాచుకుంటే చాలు.